విపత్తు కాలంలో ఇతరుల కోసం ప్రార్థించడం ఎలా?

అంటురోగం గానీ, భూకంపం గానీ, యుద్ధం గానీ లక్షల మందిని ఒకేసారి చుట్టుముట్టినప్పుడల్లా విశ్వాసులు నన్ను అడిగే ప్రశ్న ఇది: “ఇంతమంది కష్టంలో ఉంటే దేవుణ్ణి ఏమని అడగాలి? మోకరిస్తే మాటలు రావడం లేదు.” మరికొందరికి మాటలు వస్తాయి గానీ “ప్రభువా, అందరినీ కాపాడు” అన్నాక ఇంకేం అనాలో తోచదు. రెండు నిమిషాలకే చెయ్యి ఫోను మీదికి పోతుంది.

ఈ రెండు ఇబ్బందులకూ కారణం ఒకటేనని నా అభిప్రాయం. విపత్తు మొత్తాన్ని ఒక్కసారిగా భుజాన వేసుకోవాలని చూస్తాం. అది ఎవరి వల్లా కాదు. కింద చెప్పిన పద్ధతి ఆ బరువును పేర్లుగా, చిన్న చిన్న అవసరాలుగా విడదీస్తుంది. ‘దేవునికి అన్నీ ముందే తెలుసు కదా, మనం అడగడం ఎందుకు?’ అనే చర్చలోకి ఇక్కడ వెళ్లను. మనుష్యులందరి కోసం, అధికారుల కోసం విజ్ఞాపనలు చేయమని 1 తిమోతి 2:1-2 చెబుతోంది. మొదలుపెట్టడానికి అది చాలు. దారి చూపడానికి నెహెమ్యా గ్రంథం ఉంది. విపత్తు వార్త విన్న ఒక మనిషి ఏ వరుసలో ఏం చేశాడో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకోవచ్చు గానీ, ప్రార్థన మధ్యలో వచ్చే సందేశాలు మిమ్మల్ని వదలవు.
- బైబిలు. కీర్తనల దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి.
- రోజూ ఒకే వేళకు ఇరవై నిమిషాలు. పది నిమిషాలే దొరికితే పదితోనే మొదలుపెట్టండి.
- నమ్మదగిన సమాచార మార్గం ఒక్కటి. నాలుగు వద్దు.
- కుదిరితే తోడుగా ఒక మనిషి.

ఉపవాసం ఈ జాబితాలో తప్పనిసరి కాదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, వేళకు మందులు వేసుకోవలసినవారు, రోగికి సేవ చేస్తున్నవారు విపత్తు సమయంలో భోజనం మానవద్దు. దాని బదులు ఒక పూట టీవీ, ఫోను మానేసి ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వండి.

1. ముందు అడిగి తెలుసుకోండి, తర్వాత వార్తలు ఆపేయండి

యూదా నుంచి తన సోదరుడు హనానీ వచ్చినప్పుడు నెహెమ్యా మొదట చేసింది ప్రశ్న అడగడం. చెర తప్పించుకొని మిగిలినవారు ఎలా ఉన్నారు, యెరూషలేము ఎలా ఉంది అని అడిగాడు (1:2). జవాబు విన్నాకే కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉండి ప్రార్థించాడు.

మీరూ మూడు వాక్యాలు రాసుకోండి: ఎవరికి దెబ్బ తగిలింది? వారికి ఇప్పుడు ఏది కొరతగా ఉంది? వారి దగ్గరికి ఎవరు చేరుకుంటున్నారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే మీకు కావలసిన సమాచారం అందినట్లే. ఆపైన గంటల తరబడి చూసే దృశ్యాలు భయాన్ని పెంచుతాయి గానీ ప్రార్థనకు పదును పెట్టవు.

హెచ్చరిక: ‘ఫలానా దేశంలో రేపు మిషనరీలకు మరణశిక్ష, వెంటనే ప్రార్థించి పది మందికి పంపండి’ లాంటి సందేశాలు ప్రతి సంక్షోభంలోనూ తిరుగుతాయి. కొన్ని ఏళ్ల తరబడి ఊరి పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. తేదీ లేకపోయినా, పంపినవారికి ఆ సంగతి ఎలా తెలిసిందో చెప్పలేకపోయినా, దాన్ని ముందుకు పంపవద్దు. ప్రార్థన అంశం అన్నంత మాత్రాన పుకారు నిజం అయిపోదు.

2. పేర్లు రాయండి

అన్ని మెట్లలోనూ ఎక్కువ ఓపిక కావలసింది దీనికే. పేజీని ఐదు భాగాలు చేయండి.

మొదటి భాగంలో మీకు తెలిసిన బాధితులు. రెండో భాగంలో వారికి సేవ చేస్తున్నవారు: నర్సులు, వైద్యులు, అంబులెన్సు నడిపేవారు, పారిశుద్ధ్య కార్మికులు, మృతదేహాలకు అంత్యక్రియలు చేసేవారు. ఈ చివరి ఇద్దరినీ దాదాపు అందరూ మరచిపోతారు. మూడో భాగంలో నిర్ణయాలు తీసుకునేవారు. మీరు ఓటు వేయని నాయకులు కూడా ఇందులో ఉండాలి. నాలుగో భాగంలో మీకు పేరు తెలియనివారు. ‘లోకమంతా’ అని రాయకుండా ఒక్క ఊరినో, ఒక్క శిబిరాన్నో, ఒక్క వార్డునో ఎంచుకోండి. వారానికొకసారి మార్చుకోవచ్చు. ఐదో భాగంలో, ఎవరి కోసం ప్రార్థించాలంటే మీకు నోరు రాదో వారి పేర్లు. యుద్ధమైతే అవతలి పక్షం, కరువైతే సరుకు దాచి ధర పెంచినవారు. మత్తయి 5:44 చదివి రాయండి. ఒక్క పేరైనా సరే.

ప్రతి పేరు పక్కన మూడు గళ్లు ఉంచండి: ఒక అవసరం, రాసిన తేదీ, తర్వాత తెలిసిన సంగతి. మూడో గడి ఇప్పుడు ఖాళీగానే ఉంటుంది. దాని సంగతి చివరలో చెబుతాను.

రోజుకు ఏడెనిమిది పేర్లకు మించవద్దు. మిగిలినవాటిని వారంలోని రోజులకు పంచండి. నలభై పేర్లు గబగబా చదివేస్తే మిగిలేది హాజరు పట్టీ.

మీ జాబితా ఎప్పుడూ సొంత కుటుంబం దగ్గరే ఆగిపోతుంటే ఒక పాత వరుస పనికొస్తుంది. కతోలిక ఆరాధనలోని విశ్వాసుల ప్రార్థన ముందు సంఘ అవసరాలతో మొదలై, పాలకులు, లోక రక్షణ, తర్వాత ఏదో ఒక కష్టంలో ఉన్నవారు అనే క్రమంలో సాగి, చివరికి స్థానిక సమాజం దగ్గరకు వస్తుంది. మీ వారు ఆఖరున వస్తారు గానీ తప్పిపోరు. మీరు ఏ సంఘానికి చెందినవారైనా ఈ వరుసను వాడుకోవచ్చు.

3. విలాపంతో మొదలుపెట్టండి

చాలామంది వెంటనే స్తుతితోనే మొదలుపెట్టాలని పట్టుబడతారు. గుండె నిండా భయం పెట్టుకుని నోటితో మాత్రం సంతోషం పలికితే ఆ ప్రార్థన రెండో వాక్యానికే ఎండిపోతుంది. బైబిలు రాసినవారు అలా దాచుకోలేదు. ‘ఎన్నాళ్ల వరకు?’ అంటూ మొదలయ్యే 13వ కీర్తనలో ఆరే వచనాలు ఉన్నాయి, అందుకని ముందు దాన్నే చదవండి. ఊరంతా నాశనమైనప్పుడు 74, దేవుడు నిద్రపోతున్నాడా అనిపించినప్పుడు 44, ఆశ ఏమీ మిగలనప్పుడు 88. ఈ 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ ఉండదు. అయినా అది ప్రార్థన గ్రంథంలో ఉంది కాబట్టి మీ నోటితో పలకడానికి జంకవద్దు.

కీర్తనను నెమ్మదిగా, పైకి వినిపించేలా చదవండి. ‘నేను’ అని ఉన్నచోట జాబితాలోని ఒకరిని మనసులో పెట్టుకోండి. అప్పుడు అది వారి నోటి మాట అవుతుంది, మీరు వారి పక్కన నిలబడినట్లవుతుంది.

పాపపు ఒప్పుకోలు చేర్చదలిస్తే దానియేలు 9వ అధ్యాయాన్ని గమనించండి. అక్కడ దానియేలు ‘మేము పాపం చేశాం’ అంటూ తననూ కలుపుకున్నాడు. ‘వాళ్లు’ అనే మాట మీ ఒప్పుకోలులోకి వచ్చిందంటే అక్కడే ఆగిపోండి.

4. ఒక మనిషికి ఒక అవసరం, ఒక వాక్యం

ఇప్పుడు జాబితా తీయండి. పేరు చెప్పండి, అవసరం చెప్పండి, ఒక ఊపిరి తీసుకుని తర్వాతి పేరుకు వెళ్లండి. మాటలు తోచనివారి కోసం కొన్ని నమూనాలు:

రోగి కోసం: “తండ్రీ, ఈ రాత్రి ఆమెకు ఊపిరి తేలికగా ఆడనివ్వు. పక్కన ఎవరూ లేని ఈ గంటల్లో నీవు తోడుండు.”

నర్సు కోసం: “ప్రభువా, అతని కాళ్లకు బలమివ్వు. పని ముగిశాక నిద్ర పట్టనివ్వు. అతని వల్ల ఇంట్లోవారికి జబ్బు సోకకుండా కాపాడు.”

ఆత్మీయులను పోగొట్టుకున్న కుటుంబం కోసం: “దేవా, చివరి చూపు కూడా దక్కలేదు వాళ్లకు. ఏడవడానికి చోటివ్వు, వినడానికి ఒక మనిషినివ్వు.”

అధికారి కోసం: “ఆమె ముందున్న లెక్కలు నిజమైనవిగా ఉండనివ్వు. పేదవాళ్లను చివరి వరుసలోకి నెట్టే నిర్ణయం ఆమె చేతి మీదుగా జరగనివ్వకు.”

పని పోయినవాడి కోసం: “ఈ వారం ఇంట్లో పొయ్యి వెలగనివ్వు. పిల్లల ముందు అతని తల వంగనివ్వకు.”

అన్నీ చిన్నవే. ఏ ఒక్క వాక్యమూ విపత్తు మొత్తాన్ని ఆపమని అడగడం లేదు. ఆపమని తప్పకుండా అడగండి, కానీ ఒక్కసారి, చివరన.

ఒక్క మాటా రాని రోజు ఉంటుంది. అప్పుడు ప్రతి పేరు తర్వాత “ప్రభువా, కరుణించు” అనండి. లేదా ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కో విన్నపం దగ్గర ఆపుతూ చెప్పండి: ‘అనుదినాహారం’ దగ్గర పని పోయినవారి పేర్లు, ‘కీడు నుండి’ దగ్గర రోగుల పేర్లు. అదీ కుదరకపోతే ఆ కాగితం మీద చెయ్యి పెట్టి ఊరకే కూర్చోండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ మాటలకు అందని మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెప్పింది ఇలాంటి రోజు కోసమే.

5. మౌనంగా ఉండండి

రెండు నిమిషాలు. ఎవరైనా గుర్తుకొస్తే పేరు రాసుకోండి. దర్శనం కోసం ఎదురు చూడనక్కరలేదు.

6. అప్పగించండి

‘నీ చిత్తమైతే’ అనే మాటను చాలామంది ముందే తగిలిస్తారు, జరగకపోతే నొచ్చుకోకుండా. గెత్సేమనేలో, మార్కు 14:36 ప్రకారం, వరుస వేరు. గిన్నె తొలగించమని యేసు ముందు దాపరికం లేకుండా అడిగాడు, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి అప్పగించాడు. మీరూ ముందు నిజంగా అడగండి. అడిగాక యూదా రాజు యెహోషాపాతు మాటతో ముగించవచ్చు: ఏం చేయాలో మాకు తోచడం లేదు, నీవే మాకు దిక్కు (2 దినవృత్తాంతములు 20:12).

7. లేవక ముందే ఒక పని రాయండి

నెహెమ్యా ప్రార్థించి పారసీక రాజు ముందుకు వెళ్లినప్పుడు ‘సహాయం చేయండి’ అని ఊరుకోలేదు. నది అవతలి అధికారులకు తాకీదులు, కోట గుమ్మాలకు మ్రానులు కావాలని అడిగాడు (2:7-8). శత్రువులు మీదికి వస్తున్నారని తెలిసినప్పుడు ప్రార్థన చేశాడు, పగలూ రాత్రీ కావలివాళ్లనూ పెట్టాడు (4:9). మీ పేజీ అడుగున కూడా ఒక గంటలో చేయగలిగిన పని ఒకటి రాయండి: ఒక ఫోను, ఒక మందుల చీటీ, రక్తదానం కోసం ఒక పేరు నమోదు, ఒక కుటుంబానికి ఒక పూట భోజనం.

1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ఊరు విడిచి వెళ్లలేదు. ప్లేగు నుంచి పారిపోవచ్చా అని అడిగిన తోటి కాపరికి జవాబుగా ఒక లేఖ రాశాడు. దేవుణ్ణి కాపాడమని వేడుకుంటానని, ఆపైన పొగ వేసి గాలిని శుభ్రం చేస్తానని, మందు ఇస్తానని, తానూ తీసుకుంటానని, తన అవసరం లేని చోటికి వెళ్లనని అందులో ఉంది. ప్రార్థించేవాడికి మందెందుకు, మాస్కు ఎందుకు అని ఎవరైనా మిమ్మల్ని దబాయిస్తే ఈ సంగతి చెప్పండి.

ఫోనులో ఒకరి కోసం ప్రార్థించవలసి వస్తే

ముందు అడగండి: “అమ్మా, మీ కోసం ఇప్పుడే ఒక్క నిమిషం ప్రార్థించమంటారా? దేని గురించి అడగమంటారు?” ఈ రెండో ప్రశ్న వదలవద్దు. మీరు ఆరోగ్యం గురించి అనుకుంటారు, ఆమె మనసంతా ఇంటి దగ్గర ఉన్న పిల్లవాడి మీద ఉండవచ్చు. వద్దంటే “సరేనమ్మా” అని ఊరుకోండి. అవతలివారు వేరే మతంవారైతే మరీ ముఖ్యంగా అనుమతి లేకుండా మొదలుపెట్టకండి, వారి కష్టాన్ని బోధకు అవకాశంగా వాడుకోకండి.

నిమిషానికి మించవద్దు. ఆయాసపడుతున్నవారు మీ మర్యాద కోసం ఫోను పట్టుకుని ఉంటారు. వారు చెప్పిన మాటనే దేవునికి చెప్పండి, ఆమేన్ అనండి, తర్వాత వారిని మాట్లాడనివ్వండి.

గుంపుగా ప్రార్థించేటప్పుడు

గొలుసు ప్రార్థన తేలికైన మార్గం. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ అనే ప్రొటెస్టంట్ సంఘానికి చెందిన విశ్వాసులు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు తలా ఒక గంట చొప్పున రాత్రింబగళ్లు ప్రార్థించడానికి ఒప్పుకున్నారు. ఆ గొలుసు నూరేళ్లకు పైగా సాగింది. మీకు అంతమంది అక్కరలేదు. ఆరుగురు ఉంటే ఉదయం, సాయంత్రం చెరొక అరగంట పంచుకోవచ్చు. ఎవరి వేళకు వారు తమ ఇంట్లోనే ప్రార్థిస్తారు, అయ్యాక తర్వాతివారికి ఒక్క మాట పంపుతారు. ఇంట్లో రోగి ఉన్నవారికి వంతు వేయకండి. వారు ఈ గొలుసులో పేర్లుగా ఉంటే చాలు.

అంటువ్యాధి ఉన్నప్పుడు ఒకే గదిలో గుమికూడవద్దు. 590లో రోములో ప్లేగు ప్రబలినప్పుడు, పోపుగా ఎన్నికైన గ్రెగరీ ఊరేగింపుగా విజ్ఞాపన ప్రార్థన పెట్టించాడు. ఒక్క గంటలో 80 మంది అక్కడికక్కడే పడి చనిపోయారని, ఆ రోజు రోములో ఉన్న ఒక డీకను (సంఘ పరిచారకుడు) చెప్పగా, టూర్స్ నగర బిషప్పు అయిన మరో గ్రెగరీ నమోదు చేశాడు. వారి భక్తిలో లోపం వెతకవలసిన పని లేదు. అంటువ్యాధి గురించి వారికి తెలియనిది మనకు తెలుసు.

ఒకరి ప్రార్థన అంశాన్ని గ్రూపులో పెట్టే ముందు వారి అనుమతి తీసుకోండి. జబ్బు పేరు, ఆసుపత్రి గది సంఖ్య, ఫొటో అక్కరలేదు. ‘ఒక సోదరి, శస్త్రచికిత్స, గురువారం’ అంటే చాలు. ‘ప్రార్థన కోసమే చెబుతున్నాను’ అనే ముందుమాటతో ఎన్ని ఇళ్ల గుట్లు బయటపడ్డాయో సంఘాల్లో ఉన్నవారికి తెలుసు.

తరచూ జరిగే పొరపాట్లు

కారణం తేల్చడం. ‘ఫలానా పాపం వల్లే ఈ తెగులు’ అని ప్రార్థనలోనే తీర్పు చెప్పేవారు ప్రతిచోటా ఉంటారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటే ఎక్కువ అపరాధులు కారని యేసు స్పష్టంగా చెప్పి, వింటున్నవారి మారుమనస్సు సంగతి ఎత్తాడు (లూకా 13:4-5). యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద నోరెత్తకుండా కూర్చున్నంతసేపూ బాగానే చేశారు. వివరణలు మొదలుపెట్టాకే చెడింది.

91వ కీర్తనను తాయెత్తులా వాడడం. ‘ఏ తెగులూ నీ గుడారాన్ని సమీపించదు’ అన్న మాటను ధైర్యం కోసం చదవడం వేరు, జాగ్రత్తలు మానేయడానికి చదవడం వేరు. అదే కీర్తనను ఎత్తిచూపి దేవాలయ శిఖరం నుంచి దూకమన్నది అపవాది (మత్తయి 4:6). ఆ కీర్తన చదివిన కుటుంబంలో ఒకరు చనిపోతే ‘విశ్వాసం చాలలేదు’ అనే మాట మాత్రం ఎప్పుడూ అనకండి.

ప్రార్థన పేరుతో ప్రసంగం. ‘ప్రభువా, ఈ సోదరుడు ఆరాధనకు క్రమంగా వచ్చేలా చెయ్యి’ అని అతని ముందే అనడం ప్రార్థన కాదు, మందలింపు.

అన్నీ మీరే మోయడం. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, జాబితా తెరవాలంటేనే భయం వేసినా వారం రోజులు దాన్ని మరొకరికి అప్పగించండి. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరోపక్క పట్టుకున్నారు (నిర్గమ 17:12). అవసరమైతే వైద్యుణ్ణి కలవండి.

సరిగా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

ఎంతమంది బాగుపడ్డారో లెక్కవేసి కాదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో పేతురు చెరసాల నుంచి బయటపడ్డాడు, అదే అధ్యాయం రెండో వచనంలో యాకోబును కత్తితో చంపించారు. ఒకే సంఘం, ఒకే కాలం. ఎందుకలా జరిగిందో ఆ గ్రంథం రాసిన లూకా వివరించలేదు.

రెండు వారాలకోసారి నోటు పుస్తకం తీసి ఇవి చూసుకోండి. మూడో గళ్లలో ఏమైనా రాశారా? అన్నీ ఖాళీగా ఉంటే మీరు పేర్లు చదువుతున్నారు గానీ వారి సంగతి తెలుసుకోవడం లేదు. ఈ రోజే ఒకరికి ఫోను చేయండి. అవసరాలు మారాయా? మొదటి వారం ‘ఊపిరి’ అని రాసిన చోట మూడో వారం ‘అప్పు’ అని ఉండవచ్చు. పేజీ అడుగున రాసిన పనుల్లో ఎన్ని చేశారు? ఐదో భాగంలోని పేరు చెప్పేటప్పుడు గొంతులో కోపం కొంచెమైనా తగ్గిందా? తగ్గకపోతే పేరు తీసేయకండి, వాక్యం చిన్నది చేయండి.

జాబితాలోని మనిషి చనిపోతే ఆ పేరు కొట్టేయవద్దు. దాని పక్కన తేదీ రాసి, కింద వారి భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు చేర్చండి. చనిపోయినవారి కోసం ప్రార్థించే సంప్రదాయం మీ సంఘంలో ఉంటే అది కొనసాగించండి, లేకపోతే వారి జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పండి. ఆ ఇంటికి నలభై రోజుల తర్వాత, మళ్లీ ఏడాదికి ఫోను చేయాలని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. విపత్తు వార్తల్లోంచి తొలగిపోయాక రోజువారీ జాబితాను ఆపవచ్చు గానీ, ఇంకా కోలుకోనివారిని, అనాథలైన పిల్లలను, అప్పుల్లో ఉన్నవారిని వారానికొక రోజు జాబితాలోకి మార్చి అక్కడ ఉంచండి.